జవాబు రాని పూతలపట్టు

తిరుపతి,
19 జూలై 2004

చిన్నాయనకు నవీన నమస్కారాలు.

ఇంటి సంగతులు తర్వాత రాస్తాను. ముందు ఇది చెప్పేయకపోతే నాకు చేయి ఆడదు.

పూతలపట్టు సెంటరు మీకు గుర్తుంది కదా. మీరు మా ఆసుపత్రిలో ఇప్పుడు నేనున్న ఉద్యోగంలో ఉన్నప్పుడు అక్కడ కంప్యూటర్ పెట్టించి, రికార్డులు చూసే ధనంజయకు మౌసు పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పించింది మీరే. తిరుపతి సర్వర్‌లో ఉన్న రోగుల ఫైళ్లను అక్కడ తెరిచి డాక్టరుకు చూపించడం ఆయన పని. జూన్ మొదటి వారంలో చిత్తూరు నుంచి పూతలపట్టుకు ఉన్న పాత తీగ లైను తీసేసి, టవర్ మీద వైర్‌లెస్ పెట్టారు. అప్పటినుంచి గొడవ. పేరు కొడితే రోగి పేరు వస్తుంది, ఊరు వస్తుంది. ఫైలు తెరవబోతే తెర తెల్లగా నిలిచిపోతుంది. చిత్తూరు సెంటరులో మాత్రం ఏ తేడా లేదు.

ఈ నెల పన్నెండున రాఘవమ్మ అని ఒకావిడను తీసుకొచ్చారు. యాభై ఏళ్లుంటాయి. విపరీతమైన జ్వరం, మాట లేదు. డాక్టరు ఫైలు తెరవమన్నారు. పది నిమిషాలు తెల్ల తెర ముందు నిలబడి, ఇక ఆగలేక ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ మందు ఆమెకు పడదని పోయిన ఏడాదే తిరుపతి ఫైల్లో ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. నిమిషాల్లో మొహం వాచిపోయి ఊపిరి అందలేదట. జీపులో చిత్తూరు తీసుకుపోయారు. బతికింది. రెండు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు.

మా అడ్మినిస్ట్రేటర్ జయరామ్ గారు మర్నాడే తేల్చేశారు. పూతలపట్టుకు పింగ్ కొట్టి చూశారు, జవాబు లేదు. కాబట్టి ధనంజయ మిషన్ ఆపేసి కూర్చున్నాడని సస్పెండ్ చేశారు. ఆగస్టు ఇరవై ఏడున విచారణ.

నిన్న ధనంజయ తిరుపతి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. తలుపు దగ్గరే నిలబడి, "మిషన్ ఆన్‌లోనే ఉండాది మేడం. నేను దాని ముందరే కూర్చోనుంటి. ఆపేసింటే రాఘవమ్మ పేరు యాడ నుంచి వచ్చింటాది?" అన్నాడు.

ఆఫీసు మెయిలు జయరామ్ గారు చూస్తారు. మీరుండే చోట పగలు ఫోను దొరకదు. అందుకే ఉత్తరం. నన్ను ఎక్కడినుంచి మొదలుపెట్టమంటారు?

మీ నవీన


శ్రీహరికోట,
24 జూలై 2004

చి. నవీనకు,

ఉత్తరం రాసి మంచి పని చేశావు. ఫోన్లో అయితే తెర మీద ఏమొచ్చిందో చెప్పమంటే "ఏదో ఎర్రర్ వచ్చింది చిన్నాయనా" అని ఊరుకునేదానివి. ఇకమీద ఏ మాట వస్తే ఆ మాట అక్షరం పొల్లుపోకుండా రాసి పంపు.

ధనంజయ అడిగిన ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. ఆగిపోయిన మిషన్‌లో రోగి పేరు కనిపించదు. ఆయన్ను అనుమానించాల్సిన పని లేదు.

పింగ్ అంటే ఏమిటి? "ఉన్నావా?" అని కేకేయడం. అవతలి మిషన్ "ఉన్నాను" అనాలి. అనకపోతే మన తెర మీద రెండు రకాల మాటలు వస్తాయి. "డెస్టినేషన్ అన్‌రీచబుల్" అని వస్తే, దారిలో కబుర్లను అందుకుని ముందుకు పంపే ఏదో రౌటరు "అక్కడికి పోలేవు" అని మనకు కబురు పంపిందన్నమాట. అది మంచి వార్త, ఎవరో ఒకరు మాట్లాడారు. "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అని వస్తే ఎవరూ ఏమీ చెప్పలేదని. అంతకుమించి దానికి అర్థం లేదు. అవతలి మిషన్ ఆగిపోయి ఉండొచ్చు. మన కేక దారిలో పోయి ఉండొచ్చు. లేదా "ఉన్నాను" అన్న జవాబు తిరిగొచ్చే దారిలో పోయి ఉండొచ్చు. మూడింటికీ మనకు కనిపించేది ఒకటే మాట. అది చూసి మనిషిని సస్పెండ్ చేయడం ఏమిటి? జయరామ్‌కు పింగ్ కొట్టడం రాదే, ఇంతకీ నిజంగా కొట్టిన మహానుభావుడెవరు? నా పేరు చెప్పి నాలుగు తిట్లు తిట్టు.

ఇప్పుడు నువ్వు సరిగ్గా పనిచేస్తున్న చిత్తూరుకు పింగ్ కొట్టు. బాగున్నదాన్ని కూడా చూస్తేనే బాగాలేనిది తెలుస్తుంది. తర్వాత పూతలపట్టుకు ట్రేస్‌రూట్ నడుపు. మన కేక ఎన్ని మజిలీలు దాటిందో, ఒక్కొక్క మజిలీలో ఉన్న రౌటరు "నా దాకా వచ్చింది" అని చెబుతుంది. ఎక్కడ ఆగితే అక్కడ వెతుకుదాం.

వారంలో పట్టేస్తాం, భయపడకు. మీ చిన్నమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది.

హరినాథ్


తిరుపతి,
30 జూలై 2004

చిన్నాయనకు,

చెప్పినట్టే చేశాను. చేసి రెండు రోజులుగా నిద్ర లేదు.

చిత్తూరుకు పింగ్ కొట్టాను. నాలుగుసార్లూ "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్". అదే నిమిషంలో చిత్తూరు నర్సుకు ఫోన్ చేస్తే ఆమె ఒక రోగి ఎక్స్‌రే చూస్తోంది. ఇంకోసారి కొట్టాను. అదే మాట. అంటే మా దగ్గర నుంచి పింగ్ కొడితే బతికున్న మిషన్లు కూడా జవాబు చెప్పవు!

ట్రేస్‌రూట్‌లో మొదటి వరసలో మా ఫైర్‌వాల్ పెట్టె వచ్చింది, బయటివాళ్లు లోపలికి జొరబడకుండా మీరు కాపలా పెట్టారే, అది. దాని తర్వాత ముప్పయ్యో వరస దాకా చుక్కలే. ఒక్క రౌటరూ పలకలేదు. ఆగింది పూతలపట్టు దగ్గర కాదు, మా గుమ్మం దగ్గరే.

ఇంకొకటి చెప్పాలి. మొదటి ఉత్తరంలో జయరామ్ గారు పింగ్ కొట్టారని రాశాను. అది అబద్ధం. కొట్టింది నేను. పదమూడున పొద్దున ఆయన నా గదికి వచ్చి, "అమ్మా, ఆ మిషన్ పనిచేస్తోందా లేదా, ఒక్క మాట చెప్పు" అన్నారు. పదిసార్లు కొట్టాను. పదిసార్లూ ఒకటే వచ్చింది. ప్రింటు తీసి, కింద "పూతలపట్టు మిషన్ పనిచేయడం లేదు" అని రాసి సంతకం పెట్టాను. ధనంజయను సస్పెండ్ చేసింది ఆ కాగితం మీదే. ఆయన నా తలుపు దగ్గర నిలబడినప్పుడు అది నా సంతకమని ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు.

మీరు తిట్టమన్న మనిషిని నేనే.

చిత్తూరుకు ఒక్కసారి కొట్టి చూసి ఉంటే చాలు కదా. అర నిమిషం పని. ఎందుకు చూడలేదు నేను?

నవీన


శ్రీహరికోట,
6 ఆగస్టు 2004

చి. నవీనకు,

ఉత్తరం అందింది. సంతకం సంగతి మనసులో పెట్టుకోకు. కొత్తలో అందరికీ జరుగుతుంది.

ఒకసారి చిత్తూరు వెళ్లి అక్కడి నుంచి పూతలపట్టుకు పింగ్ కొట్టి చూడు. మామూలుగా ఒకసారి, పెద్ద సైజుతో ఒకసారి, ముక్కలు చేయవద్దు అన్న గుర్తు పెట్టి. సైజు 1472 తో మొదలుపెట్టి తగ్గిస్తూ రా. వైర్‌లెస్‌లోనే ఏదో ఉంటుందనుకుంటాను.

ఫైర్‌వాల్ జోలికి ఇప్పుడే పోవద్దు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది.

హరినాథ్


చిత్తూరు,
12 ఆగస్టు 2004

చిన్నాయనకు,

బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. తిరుపతి చేరేదాకా ఆగితే ఇందులో కొన్ని మాటలు రాయనేమోనని భయం.

చిత్తూరు నుంచి పూతలపట్టుకు పింగ్ కొట్టాను. వెంటనే జవాబు! నాలుగుకు నాలుగు. ఆ మిషన్ బతికే ఉంది. ధనంజయ సస్పెండ్ అయిన రోజు నుంచి దాన్ని ఎవరూ ఆపలేదట, ఆయన సీట్లో ఉన్న అమ్మాయి ఫోన్లో చెప్పింది.

తర్వాత 1472 పెట్టాను. ఈసారి కొత్త మాట వచ్చింది. "ప్యాకెట్ నీడ్స్ టు బి ఫ్రాగ్మెంటెడ్ బట్ డీఎఫ్ సెట్". ఇది పెద్దది, ముక్కలు చేస్తే తప్ప పోదు, కానీ ముక్కలు చేయవద్దని దీని మీదే రాసి ఉంది అని. తగ్గిస్తూ వచ్చాను. 1372 దగ్గర పోయింది. 1373 పోదు. పాత తీగ మోసినంత పెద్ద మూట ఈ వైర్‌లెస్ మోయలేదు. రోగి పేరు చిన్నది కాబట్టి పోతోంది. ఫైలు పెద్ద పెద్ద మూటలు కాబట్టి ఇరుక్కుంటోంది.

అలా ఇరుక్కున్నప్పుడు చిత్తూరు రౌటరు తిరుపతి సర్వరుకు "చిన్నవి పంపు" అని కబురు చేయాలి కదా? వైర్‌లెస్ చూసే కుప్పయ్య అక్కడే ఉన్నాడు. పెద్దాయన. నెల రోజులుగా మావాళ్లు తన లింకునే తిడుతున్నారని కోపంగా ఉన్నాడు. రౌటరు పంపిన కబుర్ల లెక్క తెరిచి చూపించాడు. పూతలపట్టులో ఆ అమ్మాయిని ఒక ఫైలు తెరవమన్నాం. అంకె పెరుగుతూ పోయింది.

"సూడు మేడం," అన్నాడు. "పెద్దది వచ్చిన ప్రతిసారీ మీ తిరుపతికి చెప్తానే ఉండాది ఇది. జూన్ నుంచి చెప్తానే ఉండాది. మీ ఆడ ఎవురూ వినడం లే."

చిన్నాయనా, ఆ కబురూ పింగ్ జవాబూ ట్రేస్‌రూట్ జవాబూ అన్నీ ఒకే జాతివని మీరే నేర్పించారు. ఆ జాతి మొత్తం మా ఫైర్‌వాల్ దగ్గర ఆగిపోతోంది. అది చెడిపోయి కాదు. ఎవరో ఆపమని రాశారు. ఆ పెట్టె పాస్‌వర్డ్ మీ ఒక్కరికే తెలుసు. మీ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"ఫైర్‌వాల్ జోలికి పోవద్దు" అని ఎందుకు రాశారు?

నవీన


తిరుపతి,
18 ఆగస్టు 2004

చిన్నాయనకు,

ఆరు రోజులైంది. మీ ఇంటికి రెండుసార్లు ఫోన్ చేశాను. చిన్నమ్మ ఎత్తి, మీరు పడుకున్నారని చెప్పింది. సాయంత్రం ఏడింటికి మీరు ఎప్పుడు పడుకున్నారు?

నాయనకు ఏమీ చెప్పలేదు. చెబితే ఆయన నేరుగా బస్సెక్కి మీ దగ్గరకొస్తారు. తమ్ముడంటే ఆయనకు ఎంతో మీకు తెలుసు.

ఇంక తొమ్మిది రోజులుంది. విచారణలో నేను నా సంతకం తప్పని చెబుతాను. అది నిశ్చయం. మిషన్ ఎందుకు పలకలేదని అడిగితే ఏం చెప్పాలో మీరు చెప్పండి. లేదంటే నాకు తోచింది చెబుతాను.

నవీన


శ్రీహరికోట,
20 ఆగస్టు 2004

అమ్మా నవీనా,

ఆపింది నేనే.

పోయిన ఏడాది ఆగస్టులో కంప్యూటర్లకు వైరస్ లాంటి పురుగు ఒకటి పట్టింది, నువ్వు అప్పటికి చేరలేదు. ఒక్కో మిషన్ కనపడిన ప్రతి మిషన్‌కూ ఆగకుండా పింగులు కొట్టేది. లైన్లన్నీ నిండిపోయాయి. ఓపీలో చీటీ రాయడానికి కంప్యూటర్ కదలడం లేదు, బయట మూడు వందల మంది ఎండలో నిలబడి ఉన్నారు. జయరామ్ నా వెనకాలే నిలబడి, "ఏదో ఒకటి చేయి హరీ" అంటున్నాడు. ఫైర్‌వాల్‌లో ఒకే ఒక్క వరస రాశాను. ఆ జాతి కబుర్లు ఏవీ లోపలికి రాకూడదని. రెండు నిమిషాల్లో అంతా కదిలింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. పింగులను మాత్రం ఆపి, తప్పొప్పులు చెప్పే కబుర్లను వదలాలని నాకు తెలుసు. వారం తర్వాత తీరిగ్గా సరిచేద్దామనుకున్నాను. మర్చిపోయాను. ఎక్కడా రాసి పెట్టలేదు. డిసెంబరులో ఈ ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాను. పాత తీగ లైను ఉన్నంతకాలం దానివల్ల నష్టం లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

నీ జూలై ముప్పై ఉత్తరంలో చిత్తూరు కూడా పలకలేదని చదవగానే నాకు తెలిసిపోయింది. ఆ క్షణంలోనే. అయినా నిన్ను చిత్తూరు పంపాను, వైర్‌లెస్ వాళ్ల మీద ఏదైనా దొరుకుతుందేమోనని. కారణం కూడా రాస్తాను. నేనిక్కడ ఉన్నది కాంట్రాక్టు మీద. నన్ను ఇన్‌చార్జిగా తీసుకునే కాగితం ఈ నెల కదులుతోంది. ఇలాంటి మచ్చ తెలిస్తే అది ఆగిపోతుంది. ఇన్ని రోజులూ ఆలోచించింది ఇంతే. రాఘవమ్మ గురించి ఆలోచించానని అబద్ధం రాయను. ఆమె పేరు నీ ఉత్తరంలో కనపడినప్పుడల్లా ఆ వరస దాటేసి చదివాను.

పాస్‌వర్డ్ వేరే కాగితం మీద రాసి ఈ కవర్లోనే పెట్టాను. ఆ వరస తీసేయడానికి అడ్మినిస్ట్రేటర్ దగ్గర అనుమతి తీసుకుని, ఆయన ముందరే తీయి. బయటి నుంచి వచ్చే పింగులను ఆపు. మన పింగులకు వచ్చే జవాబులనూ, అన్‌రీచబుల్, ట్రేస్‌రూట్‌కు రౌటర్లు పలికే టైమ్ ఎక్సీడెడ్, ఫ్రాగ్మెంటేషన్ కబుర్లనూ రానివ్వు. మార్చకముందు ఒక ప్రింటు, మార్చాక ఒక ప్రింటు తీసుకో.

ఈ ఉత్తరం విచారణలో ఇవ్వు. దాచకు. నేను మనసు మార్చుకుని ఫోన్ చేసినా వినొద్దు.

హరినాథ్


తిరుపతి,
28 ఆగస్టు 2004

చిన్నాయనకు,

నిన్న విచారణ అయింది. వరసగా రాస్తాను.

ఇరవై నాలుగున జయరామ్ గారి ముందర ఆ వరస తీశాను. మొదట పూతలపట్టుకు పింగ్ కొట్టాను. జవాబు వచ్చింది. ఆయన తెర వైపు చూసి, "ఇన్నాళ్లూ ఇది ఉన్నట్టేనా అమ్మా?" అన్నారు. తర్వాత ఫోన్ చేసి ఒక ఫైలు తెరవమన్నాం. మా సర్వరు చిత్తూరు కబురు విని తనంతట తానే చిన్న మూటలు పంపింది. పదకొండు సెకన్లలో ఫైలు తెరుచుకుంది. జయరామ్ గారు ఇంకో ఫైలు కూడా తెరిపించి చూశారు. తర్వాత, "పింగ్ రాకపోతే మిషన్ లేనట్టేనని నువ్వే కదా రాసిచ్చావు" అన్నారు. అవునన్నాను.

విచారణ గదిలో ముగ్గురు డాక్టర్లు, జయరామ్ గారు. మొదట ధనంజయను పిలిచారు. ఆయన జేబులోంచి ఒక కాగితం తీశాడు. నాలుగు మడతలు పెట్టి ఉంది. అందులో తప్పు తనదేనని, ఆ రోజు మిషన్ ఆన్ చేయడం మర్చిపోయి ఉంటానని, క్షమించి ఉద్యోగం ఇప్పించమని రాసుకొచ్చాడు! నేను లేచి, "ఆయన చదవకముందు నాది వినండి" అన్నాను. నా సంతకం ఉన్న కాగితం తప్పని చెప్పాను. రెండు ప్రింట్లూ చూపించాను. మీ ఉత్తరం మొత్తం చదివాను. కొన్ని చోట్ల ఆగిపోయాను, కానీ ఏదీ వదల్లేదు.

అంతా అయ్యాక ధనంజయ నా వైపు తిరిగాడు.

"అయితే నేను ఆపలేదా మేడం?" అన్నాడు.

"లేదు," అన్నాను.

"నిజంగా ఆపలేదా?"

ఆయన మళ్లీ మళ్లీ అదే అడిగాడు. జూలైలో నా తలుపు దగ్గర నిలబడి, ఆన్‌లోనే ఉండాదని గట్టిగా చెప్పిన మనిషి చిన్నాయనా. అందరూ ఆపావు, ఆపావు అంటుంటే ఆయనకే నమ్మకం పోయింది.

ఉద్యోగం తిరిగి ఇచ్చారు. నాకు మెమో ఇచ్చారు, తీసుకున్నాను. మీ గురించి మీ కాంట్రాక్టు వాళ్లకు రాయాలని తీర్మానించారు. అది రాయకుండా ఆపమని నేను అడగలేదు. అడగాలనిపించింది. మీకు ఈ మాట తెలియాలి.

రాత్రి నాయనకు అంతా చెప్పాను. పొద్దున లేచి, "వాడు తిన్నాడో లేదో కనుక్కో" అన్నారు.

నవీన


పూతలపట్టు,
19 సెప్టెంబరు 2004

అమ్మా నవీనా,

నీకు చెప్పకుండా పూతలపట్టు వచ్చాను. సెంటరు ఎదురుగా టీ అంగడిలో కూర్చుని రాస్తున్నాను.

ఈ నెలాఖరుతో నా కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగించలేదు. ఆసుపత్రి రాసిన కాగితం వల్లేనా అని నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

పొద్దున రాఘవమ్మ ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తోంది. నాలుగు అడుగులు వేస్తే ఇంకా ఆయాసం వస్తోందట. నేనెవరో, ఏం చేశానో చెప్పాను. ఫైర్‌వాల్ గురించి ఎలా చెప్పాలో తెలియక, "మీ జబ్బు కాగితం ఈడికి రాకుండా నేను తలుపు మూసేసినాను" అన్నాను. ఆమె కాయలు ఒలవడం ఆపలేదు.

"ఆ సూది నాకు పడదని నాకు తెల్సు నాయనా," అంది. "ఆ పొద్దు చెప్పేదానికి నోరు రాలా. కాగితం చెప్తాదిలే అనుకుంటి."

తిట్టి ఉంటే బాగుండేది. కాసేపు కూర్చుని లేచాను.

తర్వాత ధనంజయ దగ్గరకు వెళ్లాను. నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు, పాత అలవాటు. క్షమించమని అడగబోతే మధ్యలోనే ఆపాడు.

"నాకు వద్దు సార్. ఇంటికి రాండి. మా ఇంటామె ముందర చెప్పండి," అన్నాడు.

ఇల్లు సెంటరు వెనక వీధిలోనే. ఆమె పేరు ఆదిలక్ష్మమ్మ. నిలబడే వింది. పురుగు దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. ధనంజయ మధ్యలో, "మిషన్ ఆన్‌లోనే ఉండాదని చెప్పండి సార్," అన్నాడు. చెప్పాను. "ఇంగోసారి చెప్పండి," అన్నాడు. చెప్పాను. అప్పుడు ఆమె నన్ను అడిగింది.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆగస్టు మొదట్లో."

"ఈయన ఆ కాగితం రాసుకుంది ఇరవయ్యో తేదీ. ఆపింటానేమో ఆదీ, ఒప్పుకుంటే పోతాదిలే అని ఏడ్సినాడు. అప్పటికే మీకు తెలుసు గదా. ఎందుకు చెప్పలే?"

"ఉద్యోగం పోతుందని," అన్నాను.

ఆమె నా మొహం వైపు కొంచెంసేపు చూసి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ బయటికి రాలేదు.

ఇప్పుడు తిరుపతి బస్సు కోసం చూస్తున్నాను. సాయంత్రం అన్న ముందు నిలబడాలి. ఈ ఉత్తరం ఇక్కడే డబ్బాలో వేస్తాను. ఇంటికొచ్చి నోటితో చెప్పబోతే కొన్ని మాటలు మింగేస్తానని నాకు తెలుసు.

ధనంజయ సెంటరు తలుపు దగ్గరికేసి రోడ్డు దాటి ఇటే వస్తున్నాడు. వచ్చాడు. పక్కన బల్ల మీద కూర్చున్నాడు. రెండు బస్సులు వచ్చి నిండుగా పోయాయి. ఇంకా కూర్చునే ఉన్నాడు.

హరినాథ్